పైరు తనను తాను ఎలా కాచుకుంటుంది? పంట మొక్కల రసాయన రక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

కదలలేని మొక్క పురుగును ఎలా ఎదుర్కొంటుంది?

మొక్కకు పారిపోయే కాళ్లు లేవు, తరిమికొట్టే చేతులూ లేవు గనుక దాని పోరాటంలో సింహభాగం రసాయనాలతోనే సాగుతుంది. ఆకులో చేదు, కాయలో వగరు, గింజలో ఘాటు అని మనం నాలుకతో గుర్తుపట్టే గుణాలలో చాలావరకు పురుగులు, బూజులు, మేసే జంతువుల తాకిడికి తట్టుకునే క్రమంలో వచ్చినవే. వీటిలో కొన్ని పురుగు వచ్చినా రాకపోయినా మొక్కలో ఎప్పుడూ నిల్వ ఉంటాయి. మరికొన్ని కాటు పడిన తరువాతే తయారవుతాయి. కొన్ని పురుగును నేరుగా చంపుతాయి. కొన్ని దాని అరుగుదలను దెబ్బతీసి ఎదుగుదలను మందగింపజేస్తాయి. ఇంకొన్ని వాసనగా గాలిలో కలిసి, ఆ పురుగును తినే మరో పురుగును పొలానికి రప్పిస్తాయి.

ఆకు మీది నూగు, వరి ఆకులోని సిలికా వంటి భౌతిక రక్షణలు కూడా ముఖ్యమైనవే అయినా, ఈ పేజీలో రసాయనాల సంగతి మాత్రమే చెప్పుకుందాం.

అంత విషం లోపల పెట్టుకుంటే మొక్కకే హాని జరగదా?

జరుగుతుంది. అందుకే చాలా మొక్కలు విషాన్ని విషంగా దాచుకోవు. దానికి ముడిసరుకును ఒక చోట, దాన్ని విషంగా మార్చే ఎంజైమును మరో చోట ఉంచుతాయి. పురుగు నమిలి కణాలు చితికినప్పుడే రెండూ కలుస్తాయి.

దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కరలేదు, వంటిల్లు చాలు. పొడిగా ఉన్న ఆవపిండిని ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా ఏమీ అనిపించదు. అదే పిండిని కాసిని చన్నీళ్లతో నూరి కొద్దిసేపు ఉంచితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆవగింజలో గ్లూకోసినోలేట్లు ఒక చోట, మైరోసినేస్ అనే ఎంజైము వేరే కణాలలో ఉంటాయి. నూరినప్పుడు, తడి తగిలినప్పుడు అవి కలిసి ఐసోథయోసయనేట్ అనే ఘాటైన నూనె పుడుతుంది. పోపులో వేసిన ఆవాలు అంతగా ఘాటెక్కకపోవడానికి కారణం, మరిగే నూనెలో ఆ ఎంజైము చచ్చిపోవడమే. పనసపొట్టు కూరకు ఆవ పెట్టేవారు పొయ్యి మీంచి దించిన తరువాతే ఎందుకు కలుపుతారో ఈ రసాయన శాస్త్రం తెలియకుండానే మన ఇళ్లలో తరతరాలుగా తెలుసు. మనం రుచి అనుకునే ఆ ఘాటు, ఆవ ఆకును కొరికిన పురుగుకు నోట్లో పేలిన బాంబు లాంటిది.

నాము మేసిన పశువులు ఎందుకు చనిపోతాయి? దానికీ పురుగులకూ సంబంధం ఉందా?

ఉంది. లేత జొన్నలో డూరిన్ అనే పదార్థం ఉంటుంది. దీన్ని మొక్క టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుని కణంలోని రసపు సంచిలో దాచుకుంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మాత్రం అక్కడికి దూరంగా, పత్రహరితం ఉండే భాగాలలో ఉంటుంది. ఆకు నలిగితే రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది. ఆవగింజలో చూసిన ఏర్పాటే ఇక్కడా ఉంది, కాకపోతే వెలువడేది ఘాటు కాదు, ప్రాణం తీసే విషం. ఎండిన జొన్న గింజలో డూరిన్ దాదాపు ఉండదు. మొలకెత్తిన కొద్ది రోజులకే లేత మొలక కొనల్లో అది పొడి బరువులో 30 శాతం వరకు చేరుతుందని పరిశోధకులు కొలిచారు. మొక్క ఎదిగే కొద్దీ ఆ పాలు తగ్గుతూ వస్తుంది.

కోత తరువాత మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చే పిలకలను చాలా పల్లెల్లో నాము అంటారు. అవి లేత చిగుళ్లు, పైగా తరచుగా బెట్టలో పెరిగినవి కావడం వల్ల వాటిలో డూరిన్ ఎక్కువ. నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు కూడా డూరిన్‌ను విడగొట్టగలవు గనుక, గొడ్లకూ గొర్రెలకూ ముప్పు మరీ ఎక్కువ. మేసిన కాసేపటికే ఆయాసం, నురగ, తూలడం, పడిపోవడం వరుసగా వస్తాయి. పశువైద్యుడు సమయానికి అందుబాటులో ఉంటే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించి బతికించవచ్చు గాని, ఆ సమయం చాలా కొద్దిగా ఉంటుంది. పూతకు రాని లేత జొన్నను, బెట్టకు వాడిన జొన్నను, నామును పచ్చిగా మేపకపోవడమే మార్గం. బాగా ఎండబెట్టిన చొప్పలోనూ, పాతర వేసిన మేతలోనూ విషం బాగా తగ్గిపోతుంది.

ఇంత విషం ఉన్నా, మొవ్వు ఈగ సరిగ్గా ఆ లేత దశలోనే జొన్నను పట్టుకుంటుందన్న సంగతిని ఇక్కడే గుర్తుపెట్టుకోండి. ఎందుకన్న ప్రశ్న కాస్త ముందుకెళ్లాక వస్తుంది.

పురుగు కొరికిందని మొక్కకు ఎలా తెలుస్తుంది?

దీనికి తొలి ఆధారం టమాటా మొక్క నుంచి దొరికింది. 1972లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లారెన్స్ రయన్, ఆయన సహచరుడు గ్రీన్ ఒక విషయం గమనించారు. కొలరాడో పెంకు పురుగులు టమాటా మొక్కలో ఒక ఆకును కొరికితే, కొరకని ఆకులలో కూడా ప్రోటీన్‌ను అరగనివ్వని నిరోధకాలు కొద్ది గంటల్లోనే పోగుపడుతున్నాయి. అటువంటి ఆకును తిన్న పురుగు కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టదు.

ఒక ఆకు నుంచి మరో ఆకుకు కబురు మోసేది ఏమిటన్న వెతుకులాటలో, 1991లో సిస్టమిన్ బయటపడింది. ఇది 18 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాని వెనుక అసలు పని చేసేది జాస్మోనిక్ ఆమ్లం అనే మొక్క హార్మోను. దీని దగ్గరి బంధువైన మిథైల్ జాస్మొనేట్‌ను 1962లో జాజిపూల అత్తరు నుంచి వేరుచేశారు కాబట్టి ఆ పేరు వచ్చింది. జాజుల పరిమళంలో ఒక పాయగా మనకు తెలిసిన పదార్థం మొక్కల లోకంలో ప్రమాద ఘంటిక కావడం నాకు ఎప్పటికీ వింతగానే ఉంటుంది. 1990లో ఫార్మర్, రయన్ ఈ మిథైల్ జాస్మొనేట్‌ను సహజంగా వెదజల్లే ఒక అడవి పొద కొమ్మలను టమాటా మొక్కల పక్కన మూసిన గదిలో ఉంచితే, ఏ పురుగూ ముట్టని టమాటాలు కూడా నిరోధకాలను తయారు చేసుకున్నాయి.

కొడవలి గాటుకూ పురుగు కాటుకూ తేడా కూడా మొక్కకు తెలుస్తుంది. ఆ తేడాను పట్టించేది పురుగు నోటి నుంచి కారే ద్రవం. 1997లో ఒక లద్దె పురుగు నోటి ద్రవం నుంచి వోలిసిటిన్ అనే పదార్థాన్ని వేరుచేసి మొక్కజొన్న గాయానికి రాస్తే, అసలు పురుగే కొరికినట్టుగా మొక్క స్పందించింది. వోలిసిటిన్‌లోని కొవ్వు ఆమ్లం ఆ పురుగు మొక్కనే తిని సంపాదించినది కావడం ఇందులోని చమత్కారం.

ఇంత రక్షణ ఉంటే పంటలకు పురుగు ఎందుకు పడుతుంది?

అందరికన్నా ఎక్కువగా అడగవలసిన ప్రశ్న ఇదే. మన శనగ చేను దీనికి మంచి పాఠం.

తెల్లవారుజామున మంచు ఆరక ముందు శనగ చేలో నడిచినవారికి పంచె అంచులు తడిసి, పిక్కలు చిరచిరలాడటం అనుభవమే. లేత కొమ్మను తుంచి నాలుకకు ఆనిస్తే పుల్లగా ఉంటుంది. ఆకులు, కాండం, కాయల మీద ఉండే సన్నని నూగు కొనలలోని గ్రంథులు మాలిక్ ఆమ్లాన్నీ ఆక్సాలిక్ ఆమ్లాన్నీ బొట్లు బొట్లుగా స్రవిస్తాయి. పూర్వం రాత్రిపూట చేను మీద గుడ్డ పరచి ఆ పులుపును పట్టి మందుగా వాడేవారు, సంస్కృత వైద్యంలో దాని పేరు చణకామ్లం. చాలా రకాల పురుగులు ఈ పులుపు వల్లే శనగ జోలికి రావు. వేరే పైర్లతో పోలిస్తే శనగ మీద బతికే పురుగుల జాతులు తక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

అయినా ఆ చేనును ఊడ్చేసే పురుగు ఒకటుంది. దాని తెలుగు పేరే శనగపచ్చ పురుగు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1990ల్లో శనగ రకాలను పోల్చి చూసినప్పుడు, ఆకు మీద ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న రకాల మీద ఈ పురుగు ఎదుగుదల మందగించినట్టు తేలింది. మేతలో కలిపి పెట్టినప్పుడు మాలిక్ ఆమ్లం అంతగా ప్రభావం చూపలేదు. అంటే ఆ పురుగును పూర్తిగా ఆపకపోయినా, ఆమ్లం దాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. రైతుకు చీడ అనిపించుకునే పురుగు, సాధారణంగా ఆ మొక్క రక్షణను దాటే దారి కనిపెట్టిన పురుగే. దాటలేని వందలాది జాతులు చేను గట్టు దగ్గరే ఆగిపోతాయి గనుక అవి మన లెక్కలోకి రావు. పైరు రసాయనాలు పని చేయడం లేదని ఎవరైనా అంటే, వారు గెలిచిన పురుగులను మాత్రమే చూసి మాట్లాడుతున్నారని నా అభిప్రాయం.

దాటే దారులు రకరకాలు. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు కడుపులో ఒక ఎంజైము గ్లూకోసినోలేట్‌ను బాంబు పేలకముందే నిర్వీర్యం చేస్తుంది. అంతటితో ఆగక తల్లి పురుగు ఆ ఘాటునే గుర్తుగా పెట్టుకుని గుడ్లు పెట్టే చోటు ఎంచుకుంటుంది. క్యాబేజీ వరుసల మధ్య ఆవ మొక్కలను ఎర పంటగా వేయమని చెప్పేది ఈ బలహీనత మీదే ఆధారపడి. 2018లో కర్ణాటకలో తొలిసారి కనిపించి అదే ఏడాది తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నలోకి దిగిన కత్తెర పురుగు, మొక్కజొన్న లేత దశలో దాచుకునే డింబోవా అనే విషానికి చక్కెర అణువును తగిలించి, మొక్క ఎంజైము మళ్లీ విడగొట్టలేని రూపంలోకి మార్చేస్తుంది. లేత మొక్కజొన్న సుడిలో అది అంత నిశ్చింతగా ఉండటానికి కారణాలలో ఇదొకటి.

అందరికన్నా తెలివైన దొంగ తెల్లదోమ. 2021లో చైనా పరిశోధకులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, మొక్కలు తమ విషాలను తాము తట్టుకోవడానికి వాడుకునే ఒక జన్యువు తెల్లదోమ లోపల దొరికింది. ఎప్పుడో దూరకాలంలో అది మొక్క నుంచి పురుగులోకి చేరిపోయింది. ఆ జన్యువును పని చేయనివ్వకుండా చేస్తే తెల్లదోమలు టమాటా తిని చచ్చిపోయాయి.

పత్తి ఆకు మీది నల్ల చుక్కలు ఏమిటి? గాసిపోల్ గురించి ఎందుకంత చర్చ?

ఆ చుక్కలే గాసిపోల్ గ్రంథులు. గాసిపోల్ పసుపు పచ్చని రంగున్న పదార్థం. ఆకులు, కాండం, కాయ పెంకు, గింజ, అన్నిటిలోనూ ఈ గ్రంథులు ఉంటాయి. పురుగుకే కాకుండా కోళ్లకూ పందులకూ ఇది హాని చేస్తుంది. కోళ్ల దాణాలో పత్తిగింజల చెక్క ఎక్కువైతే నిల్వ ఉంచిన గుడ్లలో పచ్చసొన ఆకుపచ్చ గోధుమరంగుకు తిరుగుతుంది. నెమరువేసే పశువులు పెద్ద మొత్తం కాకపోతే తట్టుకుంటాయి, కనుకే పత్తిచెక్క పాడిపశువుల దాణాగా చెలామణి అవుతోంది. మనం వండుకునే పత్తిగింజల నూనె శుద్ధి చేసినప్పుడు క్షారంతో గాసిపోల్ తొలగిపోతుంది.

కిలో దూదికి సుమారు కిలో ఆరువందల గ్రాముల గింజ వస్తుంది. అందులోని ప్రోటీన్ మనుషుల నోటికి అందకపోవడానికి అడ్డం ఈ గాసిపోలే. అందుకని 1950ల్లో అమెరికాలో అసలు గ్రంథులే లేని పత్తిని కనుగొని సాగుకు సిద్ధం చేశారు. అది పొలంలో నిలవలేదు. మామూలుగా పత్తి ముఖమే చూడని పురుగులు కూడా ఆ ఆకులను విందులా తిన్నాయి. గ్రంథులు చేస్తున్న పని విలువ ఎంతో అవి లేని రోజునే తెలిసింది.

తరువాత టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో భారత సంతతి శాస్త్రవేత్త కీర్తి రాథోడ్ మరో దారి పట్టారు. గాసిపోల్ తయారీకి అవసరమైన ఒక జన్యువును గింజలో మాత్రమే నొక్కిపెట్టి, ఆకులలోనూ కాయ పెంకులోనూ యథాతథంగా ఉంచే పద్ధతిని ఆయన బృందం 2006లో ప్రకటించింది. ఆ పత్తికి అమెరికాలో 2018లో సాగు అనుమతి, 2019లో ఆహారంగా వాడే అనుమతి వచ్చాయి. విషం ఎక్కడ కావాలో అక్కడ ఉంచి, అక్కరలేని చోట తీసేయడమన్న ఆలోచన ఈ రంగంలో నాకు బాగా నచ్చినది.

శనగపచ్చ పురుగు గాసిపోల్‌ను కూడా తన ఎంజైములతో తట్టుకుంటుందని వేరే చెప్పనక్కరలేదు.

బీటీ పత్తిలో ఉన్నదీ మొక్క సొంత రక్షణేనా?

కాదు. బీటీ ప్రోటీన్ నేలలో ఉండే ఒక బ్యాక్టీరియాది. దాని జన్యువును పత్తిలోకి చేర్చారు. మన దేశంలో 2002లో అనుమతి లభించింది. ఒకే విషం ఏడాదికేడాది పెద్ద విస్తీర్ణంలో పురుగు మీద పని చేస్తే తట్టుకునే పురుగులు మిగిలి వృద్ధి చెందుతాయన్న సూత్రం మాత్రం దీనికీ వర్తిస్తుంది. గులాబీ రంగు పురుగు విషయంలో జరిగింది అదే.

పచ్చదోమ, పేనుబంక, సుడిదోమ వంటి రసం పీల్చే పురుగుల మీద ఈ రక్షణలు ఎందుకు తక్కువగా పని చేస్తాయి?

చితికినప్పుడు పేలే ఏర్పాటుకు ముందు చితకడం అవసరం. రసం పీల్చే పురుగుల ముట్టె సన్నని సూదిలా కణాల మధ్య సందుల్లోంచి జారి, ఆహారం ప్రవహించే నాళం వరకు పోతుంది. దారిలో పగిలే కణాలు బహు తక్కువ. దానికి తోడు ఆకు నమిలే పురుగుల మీద జాస్మోనిక్ ఆమ్లపు మార్గం, తెగుళ్ల మీద సాలిసిలిక్ ఆమ్లపు మార్గం ప్రధానంగా పని చేస్తాయి. ఈ రెండూ చాలాసార్లు ఒకదాన్నొకటి అణచుకుంటాయి. తెల్లదోమ తన లాలాజలంతో రెండోదాన్ని రెచ్చగొట్టి మొదటిదాన్ని నిద్రపుచ్చుతుంది.

అయినా మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. సుడిదోమ పట్టిన వరి నుంచి వెలువడే వాసనకు, ఆ దోమ గుడ్లలో తన గుడ్లు పెట్టే అతి చిన్న బదనిక కందిరీగ ఆకర్షితమవుతుందని చైనా పరిశోధకులు 2005లో చూపించారు.

మిరపకు అంత ఘాటు ఉంది కదా, తామర పురుగు ఎందుకు భయపడదు?

ఎందుకంటే ఆ ఘాటు దాని కోసం తయారైనది కాదు. ఆ ఘాటునిచ్చే కాప్సైసిన్ అనే పదార్థం పుట్టేది కాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. ఆకులో, పూవులో దాని ఊసే లేదనవచ్చు. 2021-22 కాలంలో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ముఖ్యంగా పూలలో చేరి పీల్చింది, ఘాటుతో దానికి పనే పడలేదు. కాయ ఘాటు ప్రధానంగా గింజలను నమిలి పాడుచేసే ఎలుకల వంటి జంతువులను దూరం పెడుతుంది. గింజలను చెక్కుచెదరకుండా దూరాలకు మోసుకెళ్లే పక్షులకు ఆ మంట తెలియదు. చిలుక పండుమిరపకాయను హాయిగా తినడం చూసి ఆశ్చర్యపోయేవారికి ఇదే సమాధానం. బొలీవియాలోని అడవి మిరపల మీద జరిగిన పరిశోధనలో, రసం పీల్చే పురుగులు కాయకు పెట్టిన రంధ్రాల గుండా చేరే బూజును కూడా కాప్సైసిన్ అడ్డుకుంటుందని 2008లో తేలింది.

మొక్కలు నిజంగా మిత్ర పురుగులను పిలుస్తాయా? ఇది కల్పన కాదా?

కొలిచి చూసిన విషయమే. లద్దె పురుగు కొరికిన మొక్కజొన్న కొద్ది గంటల తరువాత టర్పీన్ల వంటి వాసనలు వెదజల్లుతుందని, వాటిని పట్టుకుని బదనిక కందిరీగలు వస్తాయని 1990లో ప్రచురితమైంది. నేల కింద కూడా ఇదే జరుగుతుంది. వేరు పురుగు కొరికిన మొక్కజొన్న వేరు కారియోఫిల్లీన్ అనే పదార్థాన్ని వదిలితే, పురుగును చంపే నులిపురుగులు మట్టిలో అటు పాకుతాయని 2005లో చూపించారు. ఉత్తర అమెరికా రకాలలో ఎక్కువ భాగం ఈ గుణాన్ని పోగొట్టుకున్నాయి. దిగుబడిని చూసి ఎంచుతూ పోయినప్పుడు, ఎవరూ కొలవని గుణం ఎవరికీ తెలియకుండానే జారిపోయింది.

పిలుపు వినేవారు పొలంలో ఉంటేనే పిలిచిన ఫలం. పూత దశలో మూడు రోజులకోసారి మందు కొట్టిన చేలో కందిరీగలు మిగలవు. అలాగే ఒక రక్షణ మరో రక్షణకు అడ్డం రావచ్చు. శనగ ఆకు మీది ఆమ్లం గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా కందిరీగలను కూడా ఇబ్బంది పెడుతుంది, అందువల్ల పత్తి, చెరకు పైర్లలో చెప్పినట్టు శనగలో ట్రైకోగ్రామా కార్డులు (ఈ కందిరీగలున్న గుడ్లను అంటించిన అట్టముక్కలు) ఫలించవు. అక్కడ లేత లద్దె పురుగుల మీద గుడ్లు పెట్టే కాంపోలెటిస్ అనే వేరే కందిరీగ సహజంగా పని చేస్తుంది.

పొగాకు కషాయం సహజమైనదే కదా, నిర్భయంగా వాడవచ్చా?

వాడకపోవడమే మేలు. నికోటిన్ తయారయ్యేది వేరులో. అక్కడి నుంచి నీటితో పాటు ఆకుకు ఎక్కుతుంది. ఆకు గాయపడినా, తలలు తుంచినా వేరు ఇంకా ఎక్కువ తయారు చేస్తుంది. పొగాకు సాగులో తలలు తుంచడం వెనుక ఈ సంగతి కూడా ఉంది. నికోటిన్ పురుగుల నరాలలో ఏ గ్రాహకాన్ని పట్టుకుంటుందో, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు పట్టుకునేదీ దాన్నే. ఆ గ్రాహకం మనుషుల నరాలలోనూ ఉంది. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు రావడం తెలిసిందే. కషాయం మిత్ర పురుగులను వదలదు. ఎండిన పొగాకులో కూడా బతికే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా మిరపకు, టమాటాకు అంటుకునే ప్రమాదం అదనం. సహజం అన్న మాటకు క్షేమం అన్న అర్థం లేదు.

ఇంతకీ పొగాకు లద్దె పురుగు ఆ ఆకును తింటూనే ఉంటుంది.

మరి వేప గింజల కషాయం?

దాని కథ వేరు. 1959లో సూడాన్‌లో మిడతల దండు చెట్లన్నిటినీ మోడు చేసి వేపను మాత్రం వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రవేత్త ష్మూటరర్ గమనించారు. 1968లో వేప గింజలోని అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దాని నిర్మాణం ఎంత చిక్కుముడి అంటే ప్రయోగశాలలో పూర్తిగా కూర్చడానికి 2007 వరకు పట్టింది. ఇది పురుగు తిండి మాన్పిస్తుంది, కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. కొట్టిన మరునాడే చచ్చిన పురుగులు కనపడాలని ఎదురుచూసేవారికి నిరాశ తప్పదు. 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పప్పు నూరి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సబ్బుపొడి కలిపి కొట్టే 5 శాతం కషాయం లేత పురుగుల మీదే బాగా పని చేస్తుంది. ఎండకు త్వరగా విరిగిపోతుంది గనుక సాయంత్రం కొట్టాలి.

యూరియా ఎక్కువైతే పురుగు ఎందుకు పెరుగుతుంది?

నత్రజని ఎక్కువైన వరి ఆకులో పురుగుకు కావలసిన అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, కణాలు మెత్తబడతాయి, పైరు గుబురుగా పెరిగి అడుగున గాలి ఆడదు. సుడిదోమకు ఇంతకన్నా ఏం కావాలి? కర్బనంతో తయారయ్యే ఫీనాలిక్ పదార్థాల వంటి రక్షణ రసాయనాలు కూడా ఇటువంటి పైరులో సాధారణంగా పలచబడతాయి. అయితే దీన్ని సూత్రంగా అన్ని పంటలకూ పులమకూడదు. జొన్నలో డూరిన్‌కు నత్రజని అవసరం గనుక, ఎక్కువ యూరియా పడిన లేత జొన్న పశువులకు మరింత ప్రమాదకరం.

విషం ఎక్కువగా ఉండే రకాలను తయారు చేస్తే సరిపోదా?

కావాలని చేయకపోయినా అలా చేతులు కాల్చుకున్న ఉదాహరణ ఉంది. 1967లో అమెరికాలో లెనాపీ అనే బంగాళదుంప రకాన్ని విడుదల చేశారు. చిప్స్‌కు చక్కగా పనికొచ్చే ఆ దుంపలో సోలనిన్ వంటి చేదు విషాలు హద్దు మీరి ఉన్నాయని తేలి 1970లో వెనక్కి తీసుకున్నారు. పురుగుకు పెట్టిన విషం పళ్లెంలోకి వస్తే ప్రయోజనం లేదు. వేల ఏళ్లుగా మన పూర్వులు చేదు తక్కువ కాయలను, తీపి ఎక్కువ దుంపలను ఏరి విత్తనం పెట్టుకోవడం వల్లే తినగలిగిన పంటలు వచ్చాయి, ఆ ఏరివేతలోనే రక్షణ కొంత పోయింది. తూర్పు గోదావరి వైపు సగ్గుబియ్యానికి పండించే కర్రపెండలంలో సయనైడ్ వదిలే లినమారిన్ ఇప్పటికీ ఉంది. తురిమి, నీళ్లలో కడిగి, ఎండబెట్టే పనిలోనే అది పోతుంది గనుక మనం నిర్భయంగా పాయసం తాగుతున్నాం.

దుంప, గింజ, పండు వంటి తినే భాగాలను వదిలి ఆకులోనో వేరులోనో రక్షణను పెంచే మార్గం ఉన్న పంటలలో ప్రజననం అర్థవంతం. అడవి బంధువుల నుంచి గుణాలు తెచ్చుకోవడం అందుకే సాగుతోంది.

జాస్మోనిక్ ఆమ్లాన్ని చేను మీద కొట్టి మొక్కను ముందే అప్రమత్తం చేయవచ్చు కదా?

ప్రయోగాలలో పని చేస్తుంది, కానీ ఖర్చు మొక్క ఖాతాలో పడుతుంది. రక్షణకు మళ్లిన నత్రజని, శక్తి ఎదుగుదలకు తగ్గుతాయి. పురుగు రాని ఏడాది ఆ ఖర్చు దిగుబడిలో కనిపిస్తుంది. అవసరమైనప్పుడే తయారు చేసుకునే పద్ధతి మొక్కలలో నిలిచిపోవడానికి కారణం ఈ పొదుపే.

అయితే రైతు ఆచరణలో దీన్ని ఎలా వాడుకోవాలి?

పైరు సొంత రక్షణ ఒక్కటే చాలదు, దాన్ని చెడగొట్టకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది. నత్రజనిని దఫాలుగా, సిఫారసు మేరకే వేయాలి. నాలుగు ఆకులకు చిల్లులు పడగానే మందు డబ్బా తీయకుండా, పురుగుల సంఖ్య నష్టం కలిగించే స్థాయికి వచ్చిందా లేదా లెక్కించాలి, ఎందుకంటే ఆ నాలుగు చిల్లులే మిగతా ఆకులను సిద్ధం చేస్తాయి. పైరు ఏ దశలో బలహీనమో తెలుసుకుని అప్పుడు కాపలా పెంచాలి. శనగలో మొగ్గ, లేత కాయ దశ అటువంటిది. లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, పక్షి స్థావరాలు ఈ కాపలాలో భాగమే.

వీటిలో ఏదైనా కళ్లారా చూడగలమా?

పత్తి చేలో రెండు రక్షణలు కనిపిస్తాయి. లేత ఆకును ఎండకు ఎత్తి పట్టి చూస్తే ఆకంతా సూది మొన అంత నల్ల చుక్కలు, అవి గాసిపోల్ గ్రంథులు. తరువాత ఆకును తిరగేసి నడిమి ఈనె మీద, కాడకు దగ్గరగా వేలితో తడిమితే చిన్న గుంట తగులుతుంది, తరచుగా కాస్త జిగురుగా ఉంటుంది. అది పూవుతో సంబంధం లేని తేనె గ్రంథి. మందు కొట్టని చేలో, పొద్దెక్కక ముందు, అలాంటి పది ఆకులు తిరగేస్తే ఏదో ఒకదాని దగ్గర చీమ తల వంచి తాగుతూ దొరుకుతుంది. ఆ తేనె చీమకు కూలి. దాని పని ఆకు మీద తిరుగుతూ, కనబడిన పురుగు గుడ్లను, లేత పురుగులను ఎత్తుకుపోవడం.